బండకు పడిన నెర్రె

చిత్తూరు పక్క గుట్టలెక్కినవాళ్ళకు ఈ తెల్లచారలు తెలిసినవే. నల్లటి బండ మీద సున్నంతో గీసినట్టు ఉంటాయి. ఒకచోట వేలెడు వెడల్పు, ఒకచోట దారమంత. అది పలుగురాయి. చీకట్లో రెండు పలుగురాళ్ళు రుద్ది మెరుపు చూడని పిల్లలు మా రోజుల్లో తక్కువ. మరి అంత గట్టి బండలోకి ఈ పలుగు ఎలా దూరింది?

రాగిరొట్టె తట్టేటప్పుడు చూడండి. చేత్తో కిందికి నొక్కుతామే గానీ పక్కలకు ఎవరూ లాగరు. అయినా అంచున నెర్రెలు పడతాయి. నొక్కిన పిండి వెడల్పవుతుంది, దాంతో అంచు సాగాలి. సాగలేక తెగుతుంది. అదీ సాగే దిక్కుకు అడ్డంగానే తెగుతుంది. రాయీ అంతే. ఎంత నొక్కినా ఓర్చుకుంటుంది గానీ, అందులో సుమారు పదోవంతు బలంతో సాగదీస్తే చాలు, విరుగుతుంది. పాత గుళ్ళలో స్తంభాలు అంత దగ్గర దగ్గరగా నిలబెట్టింది రాతి దూలానికున్న ఈ బలహీనత వల్లే.

అయితే లోతుకు పోతే లెక్క మారుతుంది. ఒక్క కిలోమీటరు దిగితేనే పైనున్న రాతి బరువు, మన మీదుండే గాలి ఒత్తిడికి 260 రెట్లు దాటుతుంది. అన్ని వైపులా నొక్కుడే. అక్కడ నెర్రె తెరిచేది నీళ్ళు. రాతి సందుల్లో చిక్కుకున్న వేడినీటి ఒత్తిడి పెరిగి పెరిగి, నొక్కుడు తక్కువగా ఉన్న వైపుకు రాతిని తోసి చీలుస్తుంది. చీలగానే ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతుంది. నీళ్ళలో కరిగి ఉన్న సిలికా పలుగుగా పేరుకుని నెర్రెను పూడ్చేస్తుంది. మళ్ళీ ఒత్తిడి, మళ్ళీ చీలిక, మళ్ళీ పూడిక. జాన్ రామ్సే అనే భూవిజ్ఞాని 1980లో ఈ తంతును వివరించాడు. మైక్రోస్కోపు కింద కొన్ని చారల్లో పక్కరాతి పెచ్చులు వరసలు వరసలుగా కనిపిస్తాయి. వరసకొక చీలిక అన్నమాట.

నాకు బాగా నచ్చేవి మెట్లమెట్లుగా పడే పొట్టి చారలు. రాతిలో ఒక పక్క ఇటూ మరో పక్క అటూ జరిగితే, మధ్యలో ఏటవాలు నెర్రెలు వరసగా పడతాయి. జరుగుడు ఆగకపోతే వాటి నడుము తిరిగిపోతుంది, కొనలు మాత్రం పాత దిక్కులోనే పెరుగుతాయి. చివరికి ఎస్ అక్షరంలాగో, దాన్ని అద్దంలో చూసినట్టో వంకర తేలుతుంది. ఆ వంకర చూసి ఏ పక్క ఎటు జరిగిందో చెప్పేయొచ్చు.

కోలార్‌లో బంగారం ఎక్కువగా దొరికింది ఇలాంటి పలుగు చారల్లోనే. ఆ రాతిపట్టీ దక్షిణాన కుప్పం పక్కనున్న చిగురుగుంట దాకా వస్తుంది. అక్కడా గని తవ్వారు. మన గుట్ట మీది చారలో బంగారం వెతక్కండి, చాలావాటిలో ఉండేది ఉత్త పలుగే.

ఈసారి బండ కనిపిస్తే చారకు అడ్డంగా వేలితో రాసి చూడండి. చాలాచోట్ల ఉబ్బెత్తుగా తగులుతుంది. చుట్టూ రాయి ఎండకూ వానకూ అరిగిపోయింది, నెర్రెలో నిండిన పలుగు మాత్రం అలాగే ఉంది.