డాబా మీద సూర్యుడు: సోలార్ పనిలో రోజూ వినే అపోహలు

హైదరాబాద్‌లో ఇళ్ల మీద సోలార్ ప్యానెళ్లు బిగించే పని మాది. యూనిట్ల లెక్క కంటే ముందు ఆ డాబా మీద సూర్యుడి దారి ఎలా ఉందో తేల్చుకోవాలి. దాని మీద ఇంటివాళ్లకే కాదు, కొందరు ఇంజినీర్లకూ గట్టి అపోహలే ఉన్నాయి.

అపోహ: మన దేశంలో మధ్యాహ్నం సూర్యుడు ఎప్పుడూ దక్షిణం వైపే ఉంటాడు.

ఢిల్లీకి ఇది నిజం, మనకు కాదు. భూమధ్యరేఖకు అటూ ఇటూ 23.4 డిగ్రీల లోపు ఉన్న ఊళ్లకే సూర్యుడు నడినెత్తికి వస్తాడు. ఢిల్లీ 28.6 డిగ్రీల అక్షాంశం మీద ఉంది కాబట్టి ఆ హద్దుకు అవతల. హైదరాబాద్ 17.4 దగ్గర, ఇవతల. మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో ఇక్కడ నిటారుగా నిలబెట్టిన కర్రకు కాసేపు నీడే ఉండదు. సరిగ్గా పన్నెండింటికి చూస్తే మాత్రం కనపడదు, ఎందుకంటే మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది, మనం దానికి పడమర ఉన్నాం. మేలో 12:12కి, ఆగస్టులో 12:23కి చూడాలి.

ఈ రెండు తేదీల మధ్య దాదాపు మూడు నెలలు మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరాన ఉంటాడు. జూన్ 21న అయితే పొద్దు పొడిచినప్పటి నుంచి గుంకేదాకా ఒక్క క్షణం కూడా దక్షిణానికి రాడు. ఆ నెలలో ఉత్తరం కిటికీలోంచి ఎండ వస్తోందని కంగారు పడేవాళ్లు ఉంటారు. అందులో వింతేమీ లేదు.

మరి ప్యానెళ్లు దక్షిణానికి ఎందుకు వాలుస్తారని అడుగుతారు. 17 డిగ్రీలు వాల్చిన ప్యానెల్ మీద జూన్ 21 మధ్యాహ్నం ఎండ 23 డిగ్రీల ఏటవాలుగా పడుతుంది. దానివల్ల పోయేది ఎనిమిది శాతం. డిసెంబర్‌లో సూర్యుడు 49 డిగ్రీల ఎత్తుకే వస్తాడు. అప్పుడు ప్యానెల్‌ను బల్లపరుపుగా పరిచి ఉంటే మధ్యాహ్నం దాదాపు పావు వంతు పోతుంది, వాలు ఉంటే ఆ నష్టం మళ్లీ ఎనిమిది శాతం దగ్గరే ఆగుతుంది. పైగా జూన్ తర్వాత మబ్బులెటూ ఉంటాయి. నా ఓటు దక్షిణానికే. మెల్‌బోర్న్‌లో ఉన్న అబ్బాయి ప్యానెళ్లు ఉత్తరానికి తిప్పించాడంటే అదీ సరైనదే, అక్కడ మధ్యాహ్నపు సూర్యుడు ఏడాదంతా ఉత్తరానే ఉంటాడు.

అపోహ: ఎండాకాలంలో సూర్యుడు ఈశాన్యం మూల నుంచి వస్తాడు.

అంత దూరం పోడు. మన ఊళ్లో సూర్యోదయం తూర్పుకు అటు 25, ఇటు 25 డిగ్రీల మధ్యే ఊగుతుంది. ఈశాన్యం అంటే 45 డిగ్రీలు. సరిగ్గా తూర్పున ఉదయించేది మార్చి, సెప్టెంబర్ విషువత్తుల రోజుల్లో, అంటే పగలూ రాత్రీ దాదాపు సమానమయ్యే రోజుల్లో. లండన్‌లో జూన్‌లో దాదాపు ఈశాన్యం దాకా పోతాడు. అందుకే అక్కడ పొద్దు రాత్రి 9:20 దాకా ఉంటుంది.

అపోహ: సంక్రాంతి దాటితే తొందరగా తెల్లారుతుంది.

పుష్యమాసంలో పూస గుచ్చ పొద్దుండదని పెద్దలు అన్నది బాగానే ఉంది. పగలు మరీ చిన్నది డిసెంబర్ 21, 22 తేదీల్లో, సుమారు 11 గంటల 5 నిమిషాలు. సంక్రాంతికి అయిదారు నిమిషాలు పెరుగుతుంది, కానీ ఆ పెరిగింది సాయంత్రానికి పోతుంది. సూర్యోదయం అన్నిటికంటే ఆలస్యమయ్యేది జనవరి మూడో వారంలో, 6:50 ప్రాంతంలో.

అపోహ: నీళ్ల ట్యాంకు ప్యానెళ్ల పక్కనుంటే ఏమవుతుంది, మధ్యాహ్నం నీడ పడదు కదా!

మాకు ఎక్కువ తలనొప్పి దీంతోనే. వాస్తు ప్రకారం ట్యాంకు నైరుతిలో పెడతారు. డిసెంబర్‌లో మధ్యాహ్నం మూడింటికి సూర్యుడు కూడా నైరుతిలోనే, 32 డిగ్రీల ఎత్తున ఉంటాడు. స్టాండుతో కలిపి మూడు మీటర్ల ట్యాంకు నీడ అప్పుడు ఈశాన్యం వైపు నాలుగున్నర మీటర్లు దాటుతుంది. అదే జూన్‌లో మూడింటికి రెండున్నర మీటర్ల లోపే, అదీ తూర్పు వైపు. మే నెలలో డాబా ఎక్కి చూసి "ఇక్కడ నీడే లేదు సార్" అని జాగా ఖాయం చేస్తే చలికాలంలో ఇన్వర్టర్ రీడింగ్ చెబుతుంది. ఒకే స్ట్రింగ్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటిగా వైరుతో కలిపిన వరుసలో, ఒక్క ప్యానెల్ మీద నీడ పడినా మిగతావాటి ఉత్పత్తి కూడా తగ్గొచ్చు. ట్యాంకు జరపమని మేం అడగం, అడిగినా ఎవరూ ఒప్పుకోరు. ట్యాంకు నుంచి ఈశాన్యం వైపు అయిదు మీటర్లు వదిలి మొదటి ప్యానెల్ పెడతాం, జాగా లేకపోతే ఒక ప్యానెల్ తగ్గించుకోమంటాం.