లాంప్-1 కొనేముందు చూడాల్సింది చక్కెర

మన కణాల్లో ఉండే లాంప్-1 అనే ప్రోటీన్‌ను పరిశోధన కోసం తెప్పించుకుంటే చిటికెనవేలంత ప్లాస్టిక్ గొట్టం వస్తుంది. దాని అడుగున తెల్లటి పొడి పొరలా అంటుకుని ఉంటుంది, ఒక్కోసారి అదీ కంటికి ఆనదు. మూత తీసేముందు సెంట్రిఫ్యూజ్‌లో ఒకసారి తిప్పాలి. లేదంటే మూతకు అంటుకున్నదంతా పోయినట్టే! లేబుల్ మీద 'పరిశోధనకు మాత్రమే' అని రాసి ఉంటుంది. దాని పక్కనే ఏ కణాల్లో తయారుచేశారో కూడా ఉంటుంది. నన్నడిగితే ధర కన్నా ముందు చదవాల్సింది ఆ మాటే.

లాంప్-1 ఉండే చోటు లైసోజోమ్ పొర. కణంలో పాతబడిన సరుకును అరిగించే సంచి లైసోజోమ్. బెల్జియం శాస్త్రవేత్త క్రిస్టియాన్ డి డ్యూవ్‌కు ఇది అనుకోకుండా దొరికింది. 1949లో ఆయన బృందం ఎలుక కాలేయాన్ని మెత్తగా నలిపి అందులో ఒక ఎంజైమ్‌ను కొలిస్తే చాలా తక్కువగా కనబడింది. అదే నమూనాను కొన్నాళ్లు ఫ్రిజ్‌లో ఉంచి మళ్లీ కొలిస్తే ఎన్నో రెట్లు పెరిగింది. అంటే ఎంజైమ్ మొదట్నుంచీ ఉంది, ఏదో పొర వెనక దాక్కుని ఉంది. 1955లో దానికి లైసోజోమ్ అని పేరు పెట్టారు, 1974లో ఆయనకు నోబెల్ వచ్చింది.

ఆ సంచి లోపలంతా ఆమ్లం, పీహెచ్ 4.5 నుంచి 5 దాకా ఉంటుంది. ప్రోటీన్లనూ కొవ్వులనూ పిండిపదార్థాలనూ కోసేసే ఎంజైములు యాభైకి పైనే. మరి పొరలోని ప్రోటీన్లు ఎలా బతికి బట్టకడుతున్నాయి? ఆ ప్రోటీన్లలో దాదాపు సగం లాంప్-1, దాని జంట లాంప్-2లే. లాంప్-1లో 417 అమైనో ఆమ్లాలు ఉంటే, చివరి 11 మాత్రమే బయటికి తోకలా ఉంటాయి. ఎక్కువ భాగం లోపలికే, ఆ ఆమ్లంలోకే, తిరిగి ఉంటుంది. ఆ భాగం నిండా చక్కెర గొలుసులు. ఒక ప్రయోగంలో బతికున్న కణాల్లోనే ఈ గొలుసులను కత్తిరించి చూశారు. లాంపులు రెండూ గబగబా అరిగిపోయాయి. విచిత్రం ఏమిటంటే లైసోజోమ్ మాత్రం పగల్లేదు. లాంపులు పొరకు కాపలా కాస్తాయని చదువుకున్నాం గానీ, చక్కెర ముందుగా కాపాడేది లాంపులనే అన్నమాట.

అందుకే ల్యాబ్ తయారీలో చక్కెర దగ్గరే చిక్కంతా. ఈ.కోలి బ్యాక్టీరియాలో పెంచితే చవక, త్వరగా అయిపోతుంది. కానీ దానికి మన కణాల్లా చక్కెర తగిలించడం రాదు. మనిషి మూత్రపిండ కణాల నుంచి వచ్చిన హెక్-293 వాడితే ఆ పని జరుగుతుంది. పొరలో దిగే ముక్కనూ తోకనూ ముందే జన్యువులోంచి తీసేస్తారు. అప్పుడు ప్రోటీన్ లైసోజోమ్‌కు వెళ్లకుండా కణాలు పెరిగే ద్రవంలోకి వచ్చేస్తుంది. చివర తగిలించిన ఆరు హిస్టిడిన్ అమైనో ఆమ్లాలు కాలమ్ అనే గొట్టంలోని నికెల్‌ను పట్టుకుంటాయి, మిగతాదంతా కడిగేస్తారు.

శుద్ధి అయ్యాక, ప్రోటీన్లను బరువును బట్టి విడదీసే జెల్ మీద నడిపితే తమాషాగా ఉంటుంది. లెక్క ప్రకారం 40 కిలోడాల్టన్ల దగ్గర ఉండాల్సింది 70 నుంచి 110 మధ్య ఎక్కడో కనబడుతుంది. అదీ సన్నని గీతలా కాదు, మసక మరకలా. తడిసిన గొంగడి కప్పుకున్న మనిషిని తూకం వేసినట్టే. కొత్తగా చేరిన విద్యార్థులకు ఇక్కడే టెన్షన్, ప్రోటీన్ పాడైందేమోనని. చక్కెరను కోసే ఎంజైమ్ వేసి మళ్లీ నడిపితే మరక కిందికి దిగివస్తుంది.

ఈ చక్కెర ఎంత ముఖ్యమో లాసా వైరస్‌తో తేలింది. 1969లో నైజీరియాలోని లాసా ఊళ్లో బయటపడిన జబ్బు ఇది, ఎలుకల ద్వారా అంటుకుంటుంది. ఈ వైరస్ మన కణం పైన ఉండే ఒక ప్రోటీన్‌ను పట్టుకుని లోపలికి వస్తుందని ముందే తెలుసు. లోపల ఆమ్లం పెరగగానే ఆ పట్టు వదిలి లాంప్-1ను పట్టుకుంటుందని 2014లో బయటపడింది. అది పట్టుకోవాలంటే 76వ అమైనో ఆమ్లం మీద చక్కెర గొలుసు ఉండాలి, గొలుసులకు సయాలిక్ ఆమ్లం అనే ఒక రకం చక్కెరా ఉండాలి. కోడి లాంప్-1లో ఆ చోట గొలుసు లేదు, వైరస్‌కు పట్టు దొరకదు. ఇలాంటి ప్రశ్నకు ఈ.కోలి లాంప్-1 వాడితే జవాబు తప్పుతుంది, తప్పిందని తెలియను కూడా తెలియదు. యాంటీబాడీ ఎక్కడ అంటుకుంటుందో చూడటం వంటి కొన్ని పనులకైతే అది చాలు.

హెక్‌లో తయారైన దానికీ హద్దులున్నాయి. తోక లేదు కాబట్టి కణం దాన్ని లైసోజోమ్‌కు ఎలా పంపుతుందో దాంతో చదవలేం. మందుగానూ పనికిరాదు. దాని జంట లాంప్-2 సంగతే చూడండి, ఆ జన్యువు చెడితే డానన్ అనే జబ్బు వస్తుంది. ఆ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది గనుక మగపిల్లల్లో గుండె కండరం తొందరగా, తీవ్రంగా దెబ్బతింటుంది. గోషే, పాంపే అనే జబ్బుల్లో లోపించిన లైసోజోమ్ ఎంజైమ్‌ను సెలైన్‌లా ఎక్కిస్తే కణాలు తీసుకుంటాయి. పొరలో కూర్చోవాల్సిన లాంప్-2ను అలా ఎక్కించి లాభం లేదు, కణమే తయారుచేసుకోవాలి. అందుకని జబ్బు కలిగించని వైరస్‌లో లాంప్-2 జన్యువును పెట్టి పంపి పరీక్షిస్తున్నారు. కొద్దిమంది రోగుల మీద జరిగిన అలాంటి తొలి దశ పరీక్ష ఫలితాలు 2024లో వచ్చాయి.