షుగరు వ్యాధి: కణం లోపల ఆగిపోయే కబురు (అపోహలు - వాస్తవాలు)

"నాను తీపే ముట్టను బాబూ, నాకెందుకొచ్చినాది ఈ సుగరు?" పలాసలో పొద్దస్తమానం కూర్చుని జీడిపిక్కలు ఒలిచే ఆడవాళ్లు శ్రీకాకుళంలో మా క్లినిక్‌కి వస్తే ముందు అడిగేది ఇదే. వాళ్ల ప్రశ్నలో తప్పు లేదు. తీపి తినకపోతే షుగరు రాదని చెప్పినవాళ్లదే పొరపాటు.

అపోహ: ఒంట్లో ఇన్సులిన్ అనే హార్మోను తగ్గితేనే షుగరు వస్తుంది.

షుగరులో ముఖ్యమైన రకాలు రెండు. టైప్ 1లో అంతే. టైప్ 2లో మాత్రం మొదటి ఏళ్లలో ఇన్సులిన్ మామూలు కంటే ఎక్కువే ఉండొచ్చు. కణాలే దాని మాట వినవు.

అపోహ: ఇన్సులిన్ తాళంచెవి, కణం తలుపు తీస్తుంది.

నేనూ చాలాకాలం ఇలాగే చెప్పాను. ఇప్పుడు మానేశాను. ఈ పోలికతో జబ్బు ఎక్కడుందో తెలియదు. ఇన్సులిన్ కణం పైనున్న, కబురు అందుకునే ప్రోటీన్ అయిన రిసెప్టర్‌ని తాకుతుంది, అసలు పనంతా ఆ తర్వాత లోపల జరుగుతుంది. స్లాబు వేసే రోజు తట్టలు చేతులు మారినట్టు, కబురు రిసెప్టర్ నుంచి ఐఆర్ఎస్-1కి, అక్కడి నుంచి పీఐ3 కైనేజ్‌కి, తర్వాత ఏకేటీకి అందుతుంది. ఈ మూడూ కణం లోపలి ప్రోటీన్లు. చివరికి కండరం లోపల దాగి ఉన్న గ్లూట్4 ద్వారాలు పైపొరకు వస్తాయి. అప్పుడు గ్లూకోజు లోపలికి వెళ్తుంది.

ఈ వరసలో రెండో మనిషి చెయ్యి ఎవరో పట్టుకుంటే తట్ట అక్కడే ఆగుతుంది. కండరంలో కొవ్వు పేరుకుంటే పీకేసీ అనే ఎంజైము, పొట్ట కొవ్వు నుంచి వచ్చే వాపు సంకేతాలతో మరో ఎంజైము జేఎన్‌కే చురుగ్గా మారతాయి. ఇవి ఐఆర్ఎస్-1 మీద ఫాస్ఫేటును పెట్టకూడని చోట పెడతాయి. ఐఆర్ఎస్-1లో టైరోసిన్, సెరిన్ అనే అమైనో ఆమ్లాలు (ప్రోటీన్‌లోని ముక్కలు) ఉంటాయి. టైరోసిన్ మీద పడితే కబురు ముందుకెళ్తుంది, కొన్ని సెరిన్‌ల మీద పడితే ఆగిపోతుంది. అదే ఫాస్ఫేటు, చోటు మారిందంతే. ఇన్నేళ్లయినా నాకిది ఆశ్చర్యమే.

అపోహ: రాత్రి తిండి మానేస్తే పొద్దున షుగరు తగ్గాలి.

తినకపోయినా కాలేయం గ్లూకోజు తయారుచేస్తుంది. ఏకేటీ సరిగా పనిచేస్తే ఫాక్సో1 అనే ప్రోటీన్‌ని కణ కేంద్రకంలోకి పోనివ్వదు. కబురు బలహీనపడితే ఫాక్సో1 లోపలికెళ్లి గ్లూకోజు తయారుచేసే జన్యువులను నడిపిస్తుంది. అదే కాలేయంలో ఇన్సులిన్ చెప్పే కొవ్వు తయారీ పని మాత్రం ఆగదు. షుగరు, ఫ్యాటీ లివర్ ఒకే మనిషిలో తరచూ కనబడటానికి ఇదో కారణం.

అపోహ: చోడి (రాగి) అంబలి ఎంత తాగినా ఫర్వాలేదు.

చోళ్లు మంచివే, కానీ వాటిలోనూ ఉన్నది పిండిపదార్థమే. గ్లాసులు లెక్కపెట్టుకోండి.

అపోహ: మందులు వేసుకుంటున్నాం కదా, నడక ఎందుకు?

కండరం కదిలినప్పుడు కాల్షియం, ఏఎంపీకే అనే ఎంజైము వేరే దారిలో గ్లూట్4ని పైకి తెస్తాయి. ఈ దారికి ఇన్సులిన్ అక్కర్లేదు, ఐఆర్ఎస్-1 దగ్గర అడ్డున్నా ఇది నడుస్తుంది. అందుకే జీడిపిక్కల దగ్గర కూర్చునే వాళ్లకి గంటకోసారి లేచి నాలుగడుగులు వేయమని, భోజనం తర్వాత పదిహేను నిమిషాలు నడవమని మరీ మరీ చెబుతాను. మందులు మాత్రం ఆపొద్దు. ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్ మాత్రలు గానీ వాడేవాళ్లకి నడకలో చెమటలు పట్టి, కాళ్లు వణికితే షుగరు పడిపోయిందేమో అని అనుమానించాలి. కొంగున చిన్న పంచదార పొట్లం కట్టుకుని వెళ్లండి.