పనిగంటల లెక్క హెచ్‌ఆర్ చేతికి ఎలా చేరింది

2025 నవంబరు 21న నాలుగు కార్మిక కోడ్‌లు, అంటే పాత కేంద్ర కార్మిక చట్టాలను కలిపి చేసిన కొత్త చట్టాలు, అమల్లోకి వచ్చాయి. డిసెంబరులో ఎంపీ సుప్రియా సూలే లోక్‌సభలో మళ్లీ ఒక ప్రైవేటు సభ్యుల బిల్లు (ప్రభుత్వం కాక సభ్యులు సొంతంగా తెచ్చేది) పెట్టారు: ఆఫీసు టైమ్ దాటాక ఫోను ఎత్తని, మెయిల్‌కు జవాబివ్వని ఉద్యోగిపై చర్య తీసుకోకూడదని. 2018లో ఆమే తెచ్చిన ఇలాంటి బిల్లు చట్టం కాలేదు. ఇక వాణిజ్య సంస్థల్లో రోజుకు పది గంటల దాకా పని చేయించవచ్చంటూ తెలంగాణలో జులై 5న వచ్చిన జీవో వేడి అప్పటికింకా చల్లారలేదు. అన్నీ కలిసి మాదాపూర్, గచ్చిబౌలి క్యాంటీన్లలో పాత వాదన మళ్లీ మొదలైంది. ఉద్యోగి ఆరోగ్యం, తీరిక ఎవరి పూచీ?

సైబర్ టవర్స్ కట్టిన కథ, సత్యం మునిగిన కథ తెలుగు పాఠకులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ఈ తగాదాకు మూలం మాత్రం అంతగా ఎవరూ చదవని ఒక మినహాయింపు ఉత్తర్వులో ఉంది.

1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ప్రకారం సంస్థలో రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు మించి పని చేయించకూడదు. హైదరాబాద్‌కు ఐటీని రప్పించే ఉత్సాహంలో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఈ రంగాన్ని కొన్ని సెక్షన్ల నుంచి తప్పించింది. సంస్థ తెరిచే, మూసే వేళలు చెప్పే 15, రోజువారీ పనిగంటల 16, మహిళల రాత్రి పనికి సంబంధించిన 23, జాతీయ, పండుగ సెలవుల 31, ఉద్యోగం నుంచి తీసేసే పద్ధతి చెప్పే 47లోని ముఖ్యమైన క్లాజులు అందులో ఉన్నాయి. తెలంగాణ వచ్చాకా గడువు పెట్టి ఇవ్వడం, తీరాక పొడిగించడం నడిచింది. పార్టీలు మారాయి, ఈ ఉత్తర్వు మారలేదు.

షరతులు లేకపోలేదు. వారానికి 48 గంటలు దాటితే ఓవర్‌టైమ్ ఇవ్వాలి, పండుగ రోజు పని చేస్తే బదులు సెలవివ్వాలి, రాత్రి షిఫ్టు మహిళలకు రవాణా, భద్రత చూడాలి. క్యాబ్ వచ్చింది. ఓవర్‌టైమ్ ఎంతమందికి వచ్చిందో ఏ టీమ్‌లోనైనా అడిగి చూడండి, నవ్వుతారు.

రోజువారీ పరిమితి చట్టంలోంచి జారిపోగానే అది హెచ్‌ఆర్ విభాగం చేతిలో పడింది. చట్టం దగ్గరున్నప్పుడు అది హక్కు. హెచ్‌ఆర్ దగ్గరకొచ్చాక సంస్థ చూపే దయ. ఫన్ ఫ్రైడే, యోగా సెషన్, కౌన్సెలింగ్ హెల్ప్‌లైన్, మూడు నెలలకోసారి ఉద్యోగుల మనసు తెలుసుకునే పల్స్ సర్వే, పని మీద వాళ్లకెంత ఆసక్తో చెప్పే ఎంగేజ్‌మెంట్ స్కోరు. ఇవి చెడ్డవని కాదు. కౌన్సెలింగ్ వల్ల నిలదొక్కుకున్నవాళ్లూ ఉన్నారు. కానీ మీ పని ఎన్ని గంటలకు ముగుస్తోందని అడిగి, ఆ జవాబును బట్టి మనుషుల్ని పెంచిన సర్వే అరుదు. పేరు బయటపడదన్నా, ఆరుగురున్న టీమ్‌లో అసంతృప్తి ఎవరిదో మేనేజర్‌కు తెలియకుండా ఉంటుందా?

ఏ రోజు ఎన్ని గంటలు పని చేశారో ఉద్యోగి నింపే టైమ్‌షీట్ సంగతి మరీ విడ్డూరం. చాలా ప్రాజెక్టుల్లో క్లయింటుకు బిల్లు కట్టేది రోజుకు ఎనిమిది గంటలకే. కాబట్టి రిలీజ్ ముందు అర్ధరాత్రి దాకా కూర్చున్నా అందులో ఎనిమిదే నింపుతారు. కాగితం మీద హైదరాబాద్ ఐటీ ఉద్యోగి చక్కగా ఎనిమిది గంటలే పని చేస్తున్నాడు!

2020 మార్చి ఈ లెక్కను ఇంకాస్త చెరిపేసింది. ఆ నెల 4న, ఒక ఉద్యోగినికి కొవిడ్ అనుమానంతో మైండ్‌స్పేస్‌లో ఒక భవనం ఖాళీ చేయించారు. పరీక్షలో ఆమెకు లేదని తేలింది గానీ, నగరం లాప్‌టాప్‌లు పట్టుకుని ఇళ్లకు వెళ్లిపోయింది. అంతకుముందు క్యాబ్ వేళయినా లాగవుట్ గుర్తు చేసేది. ఇంట్లో ఆ మాత్రం హద్దూ పోయింది. కొన్ని రోజులు ఆఫీసు, కొన్ని రోజులు ఇల్లు అనే హైబ్రిడ్ పేరిట వెనక్కి పిలిచాక ఆఫీసు కార్డు స్వైప్ లెక్క తిరిగొచ్చింది, రాత్రి కాల్స్ మాత్రం ఇంట్లోనే ఉండిపోయాయి.

కంపెనీల వాదన కూడా ఉంది: క్లయింటు అమెరికాలో ఉంటే ఇక్కడ ఆరింటికి తలుపులు మూయలేం, వేళల్లో వెసులుబాటు ఉద్యోగులకూ ఇష్టమే అని. పెద్దల మాటలు దీనికి ఒకింత ఎక్కువే తోడయ్యాయి. 2023లో నారాయణమూర్తి వారానికి 70 గంటలన్నారు, 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ సుబ్రహ్మణ్యన్ 90 అన్నారు.

నిజానికి గంటలు లెక్కపెట్టలేక కాదు. మూర్తి స్థాపించిన ఇన్ఫోసిస్సే, ఇంటి నుంచి పని చేసే రోజుల్లో సగటున తొమ్మిదింబావు గంటలు దాటిన ఉద్యోగులకు ఆరోగ్యం చూసుకోమని మెయిళ్లు పంపుతోందని 2025లో వార్తలొచ్చాయి. ప్రభుత్వానికీ చేతకాని పని కాదు. 2023 జులై వానలప్పుడు సైబరాబాద్ పోలీసులు ఏ ప్రాంతపు కంపెనీలు ఎన్నింటికి లాగవుట్ చేయించాలో విడతలుగా చెప్పారు. మొదటి విడత మధ్యాహ్నం మూడింటికే! ట్రాఫిక్ కోసం సాధ్యమైంది.

గంటలు ఎక్కడికి పోయాయో ఆసుపత్రి చెప్పింది. హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఏఐజీ ఆసుపత్రి కలిసి 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షిస్తే 84 శాతం మందికి ఫ్యాటీ లివర్, 71 శాతం మందికి ఊబకాయం కనిపించాయి. గంటల తరబడి కూర్చోవడం, నిద్ర చాలకపోవడం, ఒత్తిడి, తిండి అన్నీ ఆ చర్చలోకి వచ్చాయి. 2025లో ప్రచురించిన ఈ అధ్యయనాన్ని పార్లమెంటులోనూ ప్రస్తావించారు.

ఈ వరుసలో చూస్తే జులై జీవో ఐటీవాళ్లకు కొత్త దెబ్బేమీ కాదు. రోజుకు పది గంటల దాకా, విరామంతో కలిపి 12 గంటలకు మించకుండా, వారానికి 48, మూడు నెలల్లో ఓవర్‌టైమ్ 144 గంటల లోపు అని అది వాణిజ్య సంస్థలకు చెప్పింది. సులభతర వాణిజ్యం కోసమన్నారు. ఎనిమిది పదయిందని ఉలిక్కిపడిన ప్రోగ్రామర్‌కు ఆ ఎనిమిది ఎప్పుడో పోయింది. అదే నెలలో టీసీఎస్ దాదాపు 12 వేల మందిని తగ్గిస్తానని ప్రకటించాకే, ఉద్యోగం నుంచి తీసేసే పద్ధతి చెప్పే సెక్షన్ 47 ఊసు చాలామంది ఎత్తారు.

కొత్త కోడ్‌లు అందరికీ నియామక పత్రం తప్పనిసరి చేశాయి, 40 ఏళ్లు దాటిన కార్మికులకు ఏటా ఉచిత ఆరోగ్య పరీక్ష అన్నాయి. అయితే పర్యవేక్షణ పనిలో నెలకు 18 వేల రూపాయలు మించి తీసుకునేవారు కార్మికుల నిర్వచనంలోకి రారు. ఇద్దరు ఫ్రెషర్ల పని చూసే టీమ్ లీడ్ ఎటు వస్తాడన్నది ఇప్పుడు యూనియన్లు, కంపెనీలు తేల్చుకోవాల్సిన తగవు. ఇక జులై జీవోలో, షరతులు మీరితే మినహాయింపు రద్దు చేస్తామన్న మాట ఉంది. మీరారని ఆర్టీసీ క్రాస్ రోడ్డులోని కార్మిక శాఖ కార్యాలయం అంజయ్య కార్మిక సంక్షేమ భవన్‌కు వెళ్లి చూపించాలంటే ఉద్యోగి దగ్గర ఉన్నది ఆ ఎనిమిది గంటల టైమ్‌షీటే.