మళ్ళీ అదే పుస్తకం!

రెండున్నరేళ్ల పిల్లకి అర నిండా బొమ్మల పుస్తకాలు పేర్చిపెట్టినా, రాత్రి పడుకోబోయే ముందు చంకన పెట్టుకొచ్చేది ఒక్కటే. దాని మూలలు చప్పరించి చప్పరించి మెత్తబడి ఉంటాయి, అట్ట సగం ఊడి ఉంటుంది. చదివేవాళ్లకి అందులోని ప్రతి మాటా కంఠతా వచ్చేసి విసుగు పుడుతుంది. "నిన్న ఇదే చదివాం కదమ్మా, ఇవాళ వేరేది చూద్దామా?" అని కొత్తది ముందు పెడతారు. పిల్ల ఒప్పుకోదు. ఈ తగువులో న్యాయం పిల్ల వైపే ఉంది.

ఇంగ్లండ్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయంలో జెస్సికా హోర్స్ట్ బృందం 2011లో ఈ సంగతినే పరీక్షించింది. మూడేళ్ల పిల్లలకి వారం రోజుల్లో మూడుసార్లు కథలు చదివి వినిపించారు. కథల్లో వాళ్లెప్పుడూ వినని కొత్త పేర్లు, చూడని వస్తువులు పెట్టారు. ఒక జట్టు పిల్లలు మళ్ళీ మళ్ళీ అవే కథలు విన్నారు. రెండో జట్టు ప్రతిసారీ వేరే కథలు విన్నారు. కొత్త మాటలు మాత్రం రెండు జట్లకీ సరిగ్గా అన్నేసిసార్లే వినపడ్డాయి. తీరా అడిగి చూస్తే, అవే కథలు విన్న పిల్లలకే కొత్త మాటలు బాగా పట్టుబడ్డాయి, తర్వాత కూడా గుర్తున్నాయి.

కారణం ఊహించడం కష్టం కాదు. మొదటిసారి కథ వింటున్నప్పుడు ఆ చిన్న బుర్రకి చేతినిండా పనే. ఎవరు వచ్చారు, ఎక్కడికి పోతున్నారు, తర్వాత ఏమవుతుంది, బొమ్మలో ఎటు చూడాలి. అంత పనిలో ఒక కొత్త మాట చెవిన పడినా జారిపోతుంది. మూడోసారికి కథ తెలిసిపోయింది, ఆ పేజీలో పులి వస్తుందనీ తెలుసు. అప్పుడు ధ్యాస ఖాళీ అవుతుంది. ఆ ఖాళీలోనే "గాండ్రించింది" అనే మాట కుదురుగా కూర్చుంటుంది.

ఇంట్లో పిల్లలతో మనం మాట్లాడే మాటలు లెక్కపెడితే చాలావరకు రా, తిను, వద్దు, పడతావు, ఇటివ్వు చుట్టూనే తిరుగుతాయి. గాండ్రించడం, గూడు అల్లడం, వాగు పొంగడం మన వంటింట్లో జరగవు. బొమ్మల పుస్తకంలో జరుగుతాయి. అమెరికాలో 100 బొమ్మల పుస్తకాల పాఠాన్నీ, పిల్లలతో పెద్దవాళ్ల మామూలు మాటల్నీ పక్కపక్కన పెట్టి 2015లో లెక్క చూశారు. ఒకే పరిమాణంలో తీసుకుంటే పుస్తకాల్లోనే వేర్వేరు మాటలు ఎక్కువ తేలాయి. పుస్తకం చేసే మేలులో పెద్ద భాగం ఇదే.

అయితే బొమ్మ అంటే ఏమిటో పిల్లలకి పుట్టుకతో తెలియదు. అమెరికా పరిశోధకురాలు జూడీ డెలోచ్ బృందం తొమ్మిది నెలల పిల్లల ముందు వస్తువుల ఫోటోలున్న పుస్తకం పెట్టి చూసింది. పిల్లలు ఫోటోలోని వస్తువుని వేళ్లతో గిల్లారు, గోకారు, పైకి తీయబోయారు. పశ్చిమ ఆఫ్రికా దేశం ఐవరీ కోస్ట్‌లోని బెంగ్ తెగ పల్లెల్లో, పుస్తకాలు అంతగా ఎరగని ఇళ్లలోనూ పిల్లలు అదే చేశారు. 19 నెలలు వచ్చేసరికి గిల్లడం పోయి, వేలు పెట్టి చూపించడం వచ్చింది. అంటే తొమ్మిది నెలల బిడ్డ పుస్తకాన్ని గోకుతుంటే "చింపేస్తోంది" అని లాక్కోనక్కర్లేదు. ఇది వస్తువా, వస్తువు బొమ్మా అని తేల్చుకుంటోంది. ఆ వయసుకి మందపాటి అట్టపేజీల పుస్తకం ఇవ్వాలి. పల్చటి కాగితమైతే ఆ పరిశోధన తట్టుకోలేదు.

ఏడాది, ఏడాదిన్నర పిల్లలకి బొమ్మ ఎంత అసలుకి దగ్గరగా ఉంటే అంత మేలు. 15, 18 నెలల పిల్లలతో చేసిన ప్రయోగంలో ఫోటోలో చూసి నేర్చుకున్న పేరుని అసలు వస్తువుకి పెట్టడం తేలికైంది. కార్టూన్ బొమ్మలో చూసి నేర్చుకున్నది అంత బాగా దాటలేదు. కళ్లద్దాలూ చొక్కా వేసుకున్న నీలం ఏనుగు నాలుగేళ్ల వాడికి సరదా. ఏడాది వాడికి అది ఏనుగు కాదు. తలుపు తెరిస్తే కుందేలు, లాగితే తోక, నొక్కితే అరుపు వచ్చే ఖరీదైన పుస్తకాల మీద కూడా ఇలాంటి ఫలితమే వచ్చింది. ఏడాదిన్నర, రెండున్నరేళ్ల మధ్య పిల్లలు మామూలు పుస్తకం నుంచి నేర్చుకున్నంత వాటి నుంచి నేర్చుకోలేదు. చెయ్యి తలుపు మీద ఉంటే చెవి మాట మీద ఉండదు మరి. ఆటబొమ్మగా కొనుక్కోండి, తప్పులేదు.

ఇక చదవడం దగ్గరికి వద్దాం. చాలా ఇళ్లలో చదవడమంటే పెద్దవాళ్లు చదువుతారు, పిల్లలు వింటారు. దీన్ని తిరగేసిన ప్రయోగం 1988లో అచ్చయింది. న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలాండ్‌లో గ్రోవర్ వైట్‌హర్స్ట్ బృందం 21 నుంచి 35 నెలల పిల్లలున్న దాదాపు 30 కుటుంబాలను తీసుకుంది. సగం మంది తల్లిదండ్రులకి అరగంట చొప్పున రెండుసార్లు శిక్షణ ఇచ్చారు. మీరు చదవడం తగ్గించండి, పిల్లవాడి చేత చెప్పించండి అన్నదే అందులో సారం. మిగతా సగం మంది కూడా అన్ని రోజులూ చదివారు, కాకపోతే తమకి తోచినట్టు. నెల తిరిగేసరికి మొదటి జట్టు పిల్లలు మాట్లాడే పరీక్షల్లో ఒకదానిలో ఎనిమిదిన్నర నెలలు, ఇంకోదానిలో 6 నెలలు ముందున్నారు. తొమ్మిది నెలల తర్వాత తేడా తగ్గినా పూర్తిగా పోలేదు. ఇవి కాస్త ఉన్నవాళ్ల కుటుంబాలు, సంఖ్య చిన్నది. తర్వాత వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే ప్రయోజనం ఇంత ఘనంగా లేదు. రెండు మూడేళ్ల పిల్లలకి ఎక్కువ, నాలుగు దాటాక తక్కువ. అయినా ఖర్చు లేని పద్ధతి ఇది.

ఆ పద్ధతి ఒక్క పేజీ మీద ఎలా నడుస్తుందో చూడండి. బొమ్మలో మామిడి చెట్టు, కింద బుట్ట పక్కన కూర్చున్న అవ్వ, కొమ్మ మీంచి వేలాడుతున్న కోతి. అవ్వ అటు తిరిగి ఉంది. కోతి చెయ్యి బుట్టలో ఉంది. తల్లి అడుగుతోంది.

"కోతి ఏం చేస్తోంది నాన్నా?"

ఐదు అంకెలు లెక్కపెట్టేంత సేపు నిశ్శబ్దం.

"కోతి... పండు."

"ఆఁ, కోతి పండు తీస్తోంది! అవ్వ బుట్టలోంచి తీస్తోంది."

"బుత్తలో పండు!"

"అవ్వ బుట్టలోంచి. ఏదీ, నువ్వు చెప్పు?"

"అవ్వ బుత్తలోంచి!"

తల్లి ఎక్కడా "తప్పు" అనలేదు. పిల్లవాడు అన్నదాన్నే అందుకుని ఒకటి రెండు ముక్కలు అతికించి తిరిగిచ్చింది, మళ్ళీ ఒకసారి అనిపించింది. తెలుగులో అర్థం చాలావరకు మాట తోకలోనే ఉంటుంది. బుట్టలో, బుట్టలోకి, బుట్టలోంచి మధ్య తేడా ఏ బోర్డు మీద రాసి చెప్పినా రెండేళ్లకి అంతు పట్టదు. కోతి చేతిని చూపిస్తూ అంటే పట్టేస్తుంది. ఒకేసారి పెద్ద వాక్యం అతికిస్తే మాత్రం పిల్లవాడు దాన్ని మోయలేడు. రెండు మాటలు అన్నవాడికి మూడో నాలుగో చాలు.

ఇందులో చెడిపోయేది ఆ ఐదు అంకెల దగ్గరే. పెద్దవాళ్లు రెండు లెక్కపెట్టేలోపే జవాబు తామే చెప్పేస్తారు. రెండో తప్పు పోలీసు విచారణ. ఇదేంటి, ఇదేం రంగు, ఇవెన్ని అని వరసపెట్టి అడిగితే పిల్లలు పుస్తకం మూసేసి దిగిపోతారు. ఒక ప్రశ్న అడిగితే రెండు మాటలు మనమే ఊరికే చెప్పాలి. కొత్త పుస్తకం మొదటిసారి అసలు ప్రశ్నలే వద్దు, కథ సాగనివ్వాలి. రెండు, మూడోసారి ఎవరు, ఏమిటి, ఎక్కడ అని అడగొచ్చు. అప్పటి నుంచి "అవ్వ ఇటు తిరిగితే ఏమవుతుంది?" లాంటివి. ఆ తర్వాత పుస్తకం బయటికి: "మొన్న గుడి దగ్గర కోతి ఏం లాక్కుపోయింది?" పదోసారికి పుస్తకం పిల్లవాడి చేతికిచ్చి మనం వినాలి. అడిగి అడిగి అదే పుస్తకం తెస్తున్నారంటే ఈ మెట్లన్నీ ఎక్కే వీలు వాళ్లే కల్పిస్తున్నారు. రోజుకో కొత్త పుస్తకం తెరిచే ఇంట్లో మొదటి మెట్టు దాటరు.

మధ్యలో ఆపి పూరించమనడం తెలుగులో ఇంకో రకంగా కలిసొస్తుంది. మన వాక్యం క్రియతో ముగుస్తుంది. కాబట్టి చివర్లో ఆగితే పిల్లల నోట క్రియే రావాలి. "కోతిని చూసి అవ్వ..." "నవ్వింది!" "తాత..." "నవ్వాడు!" "పిల్లలందరూ..." "నవ్వారు!" వ్యాకరణం పేరెత్తకుండానే -ఇంది, -ఆడు, -ఆరు మూడూ నోటికి అలవాటైపోతాయి. ఆగేముందు గొంతు కాస్త సాగదీసి పిల్లల మొహంలోకి చూడాలి, అదే వాళ్లకి సైగ.

తెలుగు పిల్లలకి ఉన్న ఇంకో ఆస్తి గలగల, జలజల, బుడుంగున, దబ్బున, గబగబ. జపాన్‌లో ముత్సుమి ఇమాయ్ బృందం 2008లో మూడేళ్ల పిల్లలకి నడకల పేర్లు నేర్పి చూసింది. చప్పుడులోనే పని స్ఫురించే మాటలైతే, వేరే మనిషి అలా నడిచినా పిల్లలు ఆ పేరు గుర్తుపట్టారు. అలా స్ఫురించని మాటలైతే తడబడ్డారు. జపనీస్ లాగే తెలుగులోనూ ఇలాంటి మాటలు కోకొల్లలు. పుస్తకంలో "ఏనుగు నడిచింది" అని పొడిగా ఉంటే "ధబ్ ధబ్ ధబ్ మని నడిచింది" అనండి. ముద్రించిన మాట పవిత్రమేమీ కాదు.

అయితే మార్పు చేసేదేదో మొదటి రోజే చేసి, పెన్సిల్‌తో ఆ పేజీ మీద రాసుకోవాలి. రేపు నాన్న చదివినా, నానమ్మ చదివినా అదే మాట రావాలి కదా. లేకపోతే పునరావృతం వల్ల వచ్చే లాభం పోవడమే కాదు, "అలా కాదు!" అని పిల్లల దగ్గర చీవాట్లు కూడా తప్పవు. అనువాద పుస్తకాల్లో "పండు దొంగిలించబడింది" వంటి వాక్యాలుంటే నిస్సంకోచంగా "పండు ఎత్తుకుపోయింది" అని మార్చుకోవచ్చు. పుస్తకంలో బంగాళాదుంప అని ఉంటుంది, తెలంగాణ ఇంట్లో ఆలుగడ్డ, రాయలసీమలో ఉర్లగడ్డ. ముందు ఇంటి మాట అని, వెంటనే పుస్తకం మాట అంటే రెండూ దక్కుతాయి. చదువురాని నానమ్మ కూడా బొమ్మ చూసి ఇవన్నీ చేయగలదు. డాలస్‌లో ఉన్న తెలుగు తల్లి ఇంగ్లీషు పుస్తకం తెరిచి తెలుగులో చెప్పినా అంతే. బొమ్మకి భాష లేదు.

తెరిచిన రెండు పేజీల్లోనూ చెరో పెద్ద బొమ్మ ఉంటే చిక్కు ఉంది. ససెక్స్ బృందమే 2018లో మూడున్నరేళ్ల పిల్లలతో చూసింది. ఒకసారికి ఒక్క బొమ్మే కనిపించిన పిల్లలు దాదాపు రెట్టింపు కొత్త మాటలు నేర్చుకున్నారు. చదవడం రాని పిల్లలకి మనం ఏ పేజీ చదువుతున్నామో తెలియదు. మనం ఎడమ పేజీలో ఉంటే వాళ్ల కళ్లు కుడి పేజీలో ఉంటాయి. విరుగుడు తేలికే. చదివే ముందు ఆ పేజీ బొమ్మ మీద ఒక్కసారి అరచెయ్యి ఆడించాలి. ప్రయోగంలోనూ ఇంతే చేస్తే తేడా సర్దుకుంది.

అక్షరాల సంగతి వేరు. కంటి కదలికలను కొలిచే పరికరాలతో చూస్తే, వింటున్న నాలుగేళ్ల పిల్లల చూపు రాత మీద దాదాపు నిలవదు, అంతా బొమ్మ మీదే. కాబట్టి ఒళ్లో కూర్చోబెట్టుకుని చదివితే చాలు, అక్షరాలు వాటంతటవే వస్తాయనుకోవడం భ్రమ. నాలుగేళ్ల నుంచి పేజీకి ఒక్కచోట వేలు పెట్టి "ఇదిగో, నీ పేరులో క. కోతిలో కో కూడా దీనికి ఓత్వం ఇచ్చిందే, చూశావా" అంటే సరిపోతుంది. అంతకు మించితే కథ పాడవుతుంది.

తెలుగులో దొరకవా అంటే, దొరుకుతాయి. నేషనల్ బుక్ ట్రస్ట్, ప్రథమ్ బుక్స్, తూలిక, మంచి పుస్తకం వంటి ప్రచురణకర్తల దగ్గర చవకలోనే ఉన్నాయి. ప్రథమ్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన కథల వెబ్‌సైట్ స్టోరీవీవర్‌లో ఉచితంగా దించుకుని ముద్రించుకోవచ్చు. మొదటి స్థాయివి ఎంచుకోండి, వాక్యాలు చిన్నవి. ఏడాది పిల్లలకైతే ఇంట్లోనే చేసుకోవచ్చు. పాత శుభలేఖల అట్టలు ఎనిమిది తీసుకుని ఒక్కోదాని మీద ఒక్కటే ఫోటో అంటించాలి: ఇంటి చెంబు, తాతయ్య, వీధి కుక్క. మైదా ఉడికించిన జిగురు వాడితే పురుగు పడుతుంది. ఫెవికాల్ పల్చగా రాయాలి.

చవక పుస్తకాలకి ఒకే ఒక్క లోపం, నడిమి మడతలో కొట్టే రెండు పిన్నులు. వందసార్లు తెరిచేసరికి అవి వదులై పైకి లేస్తాయి, నోట్లో పెట్టుకునే పిల్లలకి గుచ్చుకుంటాయి. పిన్నులు రెండూ పీకేసి, మడత మీద పైన, మధ్యన, కింద మూడు బెజ్జాలు పొడవండి. పుస్తకం ఎత్తుకి రెండున్నర రెట్లు గట్టి దారం తీసుకోవాలి. లోపలి నుంచి మధ్య బెజ్జంలో సూది బయటికి, పై బెజ్జంలో లోపలికి, అక్కడి నుంచి మధ్యది వదిలేసి కింది బెజ్జంలో బయటికి, మళ్ళీ మధ్య బెజ్జంలో లోపలికి. దారం రెండు కొసలూ నిలువు కుట్టుకి చెరోపక్కా ఉండేలా చూసి దాని మీదే బిగించి ముడి వేయాలి. ముడి లోపలే పడాలి. బయట పడితే ఆ రోజు కథ వదిలేసి దాన్నే లాగుతూ కూర్చుంటారు.