యెమెన్‌ది షియా-సున్నీ యుద్ధం కాదు: అపోహలు, వాస్తవాలు

నేను పని చేసేది యెమెన్ మీద. ఉద్యోగం విదేశాంగ విధాన పరిశోధన, అందులో నా వాటాకి వచ్చినది ఎర్ర సముద్రం చుట్టుపక్కల దేశాలు. పెళ్ళిలో కలిసిన బంధువులైనా, చర్చకి రమ్మని ఫోన్ చేసే టీవీ వాళ్ళైనా, పీహెచ్‌డీ ఇంటర్వ్యూకి వచ్చిన పిల్లలైనా మొదట అనే మాట ఒకటే: "అక్కడ షియాలకీ సున్నీలకీ పడదు కదా మేడమ్, 1400 ఏళ్ళ పగ." మొన్న ఒక చానెల్ నుంచి ఫోన్ చేసిన అబ్బాయి ఇంకో అడుగు ముందుకేసి, "అదే రెండు ముక్కల్లో చెప్పేయండి, మూడు నిమిషాలే టైమ్" అన్నాడు. చెప్పనన్నాను. మూడు నిమిషాల్లో చెప్పలేకపోయినది ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఇది మతంలోని రెండు శాఖల మధ్య యుద్ధం

దీని గురించే ఎక్కువ రాస్తాను, ఎందుకంటే జనానికి అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే.

హౌతీలు, అంటే ఉత్తరాన పుట్టి ప్రభుత్వంతో పోరాడుతూ ఇప్పుడు రాజధాని సనాని ఏలుతున్న సాయుధ ఉద్యమం వాళ్ళు, జైదీలు. జైదీలు షియాలే, అంతవరకు నిజం. కానీ యెమెన్ జైదీలు ఇరాన్‌లోని పన్నెండు ఇమాముల షియాల్లాంటి వాళ్ళు కాదు. ఆచారాల్లో, ధర్మశాస్త్రంలో సున్నీలకి బాగా దగ్గర. యెమెన్‌లో సున్నీలంటే ఎక్కువగా షాఫియీ ధర్మశాస్త్రం పాటించేవాళ్ళు. తరతరాలుగా ఈ రెండు వర్గాలూ ఒకే మసీదులో నమాజు చేశాయి, పిల్లనిచ్చి పుచ్చుకున్నాయి. ఉత్తర యెమెన్‌ని దాదాపు వెయ్యేళ్ళు, మధ్యమధ్య విరామాలతో, జైదీ ఇమాములు పాలించారు. 1962 సెప్టెంబర్‌లో సైనికాధికారులు ఇమామ్‌ని దించేస్తే అంతర్యుద్ధం మొదలైంది. అందులో షియా ఇమామ్ వెనక డబ్బూ తుపాకులూ పెట్టి నిలబడింది ఎవరో తెలుసా? సౌదీ అరేబియా. ఇమామ్‌కి వ్యతిరేకంగా వేల మంది సైన్యాన్ని దింపింది నాసర్ ఏలుతున్న ఈజిప్టు, అదీ సున్నీ దేశమే. 1400 ఏళ్ళ పగే అసలు కారణమైతే 1962లో సౌదీకి ఆ పగ ఎందుకు గుర్తు రాలేదు?

ఇక అలీ అబ్దుల్లా సాలే సంగతి. 1978లో ఉత్తర యెమెన్ అధ్యక్షుడయ్యాడు, 1990లో రెండు యెమెన్‌లు కలిశాక మొత్తం దేశానికీ ఆయనే. పుట్టుకతో జైదీ. 2004 నుంచి 2010 వరకు ఉత్తరాన హౌతీల సొంత ప్రాంతమైన సఆదా కొండల్లో హౌతీల మీద ఆరు విడతలు యుద్ధం చేసిందీ ఆయనే, మొదటి విడతలోనే వాళ్ళ నాయకుడు హుస్సేన్ అల్ హౌతీని చంపిందీ ఆయన సైన్యమే. 2012లో పదవి వదలాల్సి వచ్చాక అదే హౌతీలతో చేతులు కలిపి 2014 సెప్టెంబర్‌లో సనా నగరం వాళ్ళ చేతికి రావడానికి దారి తెరిచాడు. 2017 డిసెంబర్‌లో వాళ్ళని వదిలి సౌదీ వైపు తిరుగుతున్నానని ప్రకటించిన రెండు రోజులకే హౌతీలు ఆయన్ని చంపేశారు. ఈ కథలో మతం ఎక్కడుందో చూపించమనండి. నాకు కనిపించేది కుర్చీ, సైన్యం, ఖజానా.

దక్షిణాదికి వస్తే షియాలే దాదాపు ఉండరు. అయినా అక్కడా రక్తం పారింది. 2019 ఆగస్టులో దక్షిణాది రేవు నగరం ఏడెన్‌లో, హౌతీలు సనా నుంచి తరిమేసిన, సౌదీ బలపరిచిన ప్రభుత్వాన్ని, యూఏఈ బలపరిచిన దక్షిణ యెమెన్ వేర్పాటువాదులు తరిమేశారు. తిరిగి రాబోయిన ప్రభుత్వ బలగాల మీద యూఏఈ విమానాలు బాంబులు వేశాయి. అటూ సున్నీలే, ఇటూ సున్నీలే, పైగా కాగితం మీద రెండూ హౌతీలకి వ్యతిరేకంగా ఏర్పడిన ఒకే కూటమి.

మతం అసలు లేదని నేను అనడం లేదు. జైదీల గుండెకాయలాంటి సఆదాలోనే సౌదీ డబ్బుతో సలఫీ (కఠిన సున్నీ సంప్రదాయం) విద్యాలయం పెరగడం, దానికి జవాబుగా జైదీ పునరుద్ధరణ ఉద్యమం పుట్టడం, ఈరోజు హౌతీలు బడి పుస్తకాలు మార్చడం, ఇవన్నీ జరిగినవే. కానీ ఆ మంట దేశమంతా అంటుకోవడానికి కారణాలు చాలావరకు మనకి బాగా తెలిసిన రకమే. 2014 ఫిబ్రవరిలో దేశాన్ని ఆరు ప్రాంతాలుగా విభజిస్తూ ఒక మ్యాప్ గీశారు. అందులో హౌతీల సఆదాని వేసిన ప్రాంతానికి సముద్రతీరం లేదు, చెప్పుకోదగ్గ చమురూ లేదు. రాష్ట్ర విభజన రోజుల్లో నీళ్ళెవరికి, రాజధాని ఎవరికి, ఆదాయం ఎవరికి అని రాత్రింబవళ్ళు వాదించుకున్న మనకి ఆ మ్యాప్ చూస్తే వేరే వివరణ అక్కర్లేదు. అదే ఏడాది జూలై చివర్లో ప్రభుత్వం ఇంధన సబ్సిడీ ఎత్తేసి పెట్రోలు, డీజిల్ ధరలు ఒక్కసారిగా పెంచింది. హౌతీలు సనా వీధుల్లోకి జనాన్ని తెచ్చింది ఆ ధరల పేరు మీదే. సెప్టెంబర్ 21 నాటికి నగరం వాళ్ళదైపోయింది. 2015 మార్చి 26న హౌతీల మీద సౌదీ కూటమి బాంబింగ్ మొదలైంది.

ఈ అపోహ వల్ల ఎవరికి ఏం నష్టం అంటారా? మొదట మన హైదరాబాద్‌లోనే చూడండి. బార్కస్‌లో ఉన్న అరబ్ కుటుంబాల్లో చాలామంది పూర్వీకులు యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం సైన్యంలో చేరడానికి వచ్చినవాళ్ళు. హద్రమౌత్ తీరాన్ని 1967 దాకా ఏలిన కుఐతీ సుల్తానుల వంశం కూడా నిజాం కొలువులో జమేదారీ (సైనిక దళాల నాయకత్వం) చేసి సంపాదించిన డబ్బుతో, పలుకుబడితో పైకొచ్చినదే. ఆ బంధుత్వాలు ఇప్పటికీ ఉన్నాయి. అక్కడ నాకు బాగా పరిచయమున్న ఒక కుటుంబం 2015లో హద్రమౌత్ తీరంలోని ముకల్లాలో ఉన్న తమవాళ్ళకి ఫోన్ చేసి, "మీది సున్నీ ఊరు, హౌతీలు మీ దాకా రారు, కదలకండి" అని చెప్పింది. నిజమే, హౌతీలు రాలేదు. ఏప్రిల్ 2న అల్ ఖైదా వచ్చింది. బ్యాంకు దోచుకుని, జైలు తలుపులు తెరిచి, ఏడాది పైగా ఊరిని ఏలింది. ఆ కుటుంబాన్ని నేను తప్పు పట్టను. టీవీలో రాత్రీ పగలూ చెప్పిందే వాళ్ళు నమ్మారు. శాఖని బట్టి ఏ ఊరు క్షేమమో లెక్కేసుకోవడం ప్రాణాల మీదికి తెస్తుందని చెప్పేవాళ్ళు అప్పుడు లేకపోయారు, అదే నా బాధ.

ఆ ఇంటి పెద్దాయన్ని నేను చాచా అంటాను. ఓసారి వైద్యం కోసం ముకల్లా నుంచి వచ్చిన బంధువు దగ్గరున్న రెండు వెయ్యి రియాల్ నోట్లు తీసి చాచా నా ముందు పెట్టారు. ఒకటి పాతది, మడతల దగ్గర చినిగి, టేపు అతికించి, అంకెలు సగం అరిగిపోయి ఉంది. రెండోది 2017 తర్వాత అచ్చైన కొత్త నోటు, సైజు చిన్నది, ఇంకా పెళపెళలాడుతోంది. "ఇందులో ఏది ఎక్కువ, చెప్పు బేటీ" అన్నారు. ఆ చినిగిన నోటే. 2016 సెప్టెంబర్‌లో ప్రభుత్వం కేంద్ర బ్యాంకుని సనా నుంచి ఏడెన్‌కి మార్చింది. సనాలో ఉన్న బ్యాంకు మాత్రం హౌతీల కింద నడుస్తూనే ఉంది. అంటే ఒకే దేశానికి రెండు కేంద్ర బ్యాంకులు. ఏడెన్ అచ్చేసిన కొత్త నోట్లు చెల్లవని 2019 చివర్లో హౌతీలు నిషేధించారు. దాంతో సనాలో పాత నోట్లే తిరుగుతూ అరిగిపోయాయి, డాలర్ 530 రియాల్‌ల దగ్గర ఆగింది. ఏడెన్‌లో నోట్లు పెరిగాయి, రియాల్ జారిపోయింది. యుద్ధానికి ముందు డాలర్‌కి 215 రియాల్‌లు. 2025 జూలైలో ఏడెన్‌లో 2800 దాటింది, తర్వాత 1600 చిల్లరకి దిగింది. 60 వేల రియాల్‌ల జీతం వేసుకోండి: యుద్ధానికి ముందు దాదాపు 280 డాలర్లు, ఆ జూలైలో 22 డాలర్లు కూడా కాదు. ఏడెన్ వైపు నుంచి సనాలో ఉన్న అమ్మకి డబ్బు పంపితే సగానికి పైగా మధ్యలోనే కరిగిపోతుంది. అదీ రియాల్ వచ్చినవాళ్ళ సంగతి. బ్యాంకు మారినప్పటి నుంచి హౌతీల వైపున్న ప్రభుత్వ ఉద్యోగుల్లో చాలామందికి అసలు సరిగా జీతమే లేదు.

ఇంకో నష్టం చర్చల బల్ల దగ్గర. ఇది సున్నీ సౌదీకీ షియా ఇరాన్‌కీ మధ్య గొడవే అనుకుంటే, వాళ్ళిద్దరూ రాజీ పడితే యెమెన్ చల్లబడాలి. 2023 మార్చి 10న బీజింగ్‌లో ఆ ఇద్దరూ రాజీ పడ్డారు. యెమెన్‌లో శాంతి ఒప్పందం రాలేదు. అంతకుముందు 2022 ఏప్రిల్‌లో కుదిరిన కాల్పుల విరమణ, రెండుసార్లు పొడిగించాక, అక్టోబర్‌లో ఎక్కడ తెగిందో గుర్తుందా? జీతాల దగ్గర. తమ వైపు ఉద్యోగులకే కాదు, తమ సైనికులకి కూడా జీతాలివ్వాలని హౌతీలు పట్టుపట్టారు. అది కుదరక ఆ నెలలోనే హద్రమౌత్‌లోని దబ్బా చమురు రేవు మీద డ్రోన్లు వేశారు. ప్రభుత్వానికి చమురు ఎగుమతి ఆగిపోయింది, ఖజానా ఎండిపోయింది, ముకల్లాలో వేసవిలో కరెంటు కోతలు గంటల తరబడి పెరిగాయి. చాచా బంధువులకి తగిలిన దెబ్బ ఇది, దీనికి ఏ శాఖ పేరు పెడతారు? మత పెద్దల్ని కూర్చోబెట్టే సదస్సులకి ఖర్చు పెట్టేవాళ్ళు, జీతాల జాబితా, హౌతీల చేతిలో ఉన్న హొదైదా రేవు ఆదాయం, నోట్ల ముద్రణ గురించి మాట్లాడే నలుగురు బ్యాంకు ఉద్యోగుల్ని కూర్చోబెట్టమంటే ఆసక్తి చూపరు. "వాళ్ళంతే, ఎప్పుడూ కొట్టుకుంటారు" అన్న మాట వింటే నాకు కోపం వస్తుంది. 2021 చివరి నాటికి 3 లక్షల 77 వేల మంది చనిపోయి ఉంటారని ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ అంచనా. అందులో 60 శాతం దాకా బాంబులకి కాదు, ఆకలి, జబ్బులు, వైద్యం అందకపోవడం వల్ల. వీటికి మనుషులు తీసుకున్న నిర్ణయాలు కారణం, అవి మార్చుకోగలిగిన నిర్ణయాలే.

అపోహ: తిండి లేక ఆకలి

అంగట్లో బియ్యం ఉంటుంది, పిండి ఉంటుంది. కొనే డబ్బు ఉండదు. పైన నోట్ల గురించి చెప్పిందే దీనికీ జవాబు.

అపోహ: హౌతీలు ఇరాన్ చెప్పినట్టల్లా ఆడతారు

ఆయుధాలు, శిక్షణ ఇరాన్ నుంచి వచ్చాయి, అందులో అనుమానం లేదు, ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందాలే రాశాయి. కానీ 2014లో సనాని పట్టుకోవద్దని ఇరాన్ చెబితే వాళ్ళు వినలేదని అప్పట్లో అమెరికా అధికారులే పత్రికలకి చెప్పారు. సాయం తీసుకోవడం వేరు, ఆజ్ఞ పాటించడం వేరు.

అపోహ: అక్కడికి వెళ్ళకుండా ఏం తెలుస్తుంది

భారత పాస్‌పోర్టు మీద యెమెన్ ప్రయాణానికి 2017 నుంచి ఆంక్షలున్నాయి. అందుకని పని ఆగదు. రోజూ పొద్దున్నే నేను చూసేవి రెండు నగరాల డాలర్ రేట్లు, డీజిల్ ధర, హొదైదాకి వచ్చిన ఓడలు, రెండు వైపులా వచ్చిన అరబిక్ ఉత్తర్వులు. కైరోలో, అమ్మాన్‌లో ఉంటున్న యెమెనీలతో మాటలు. యుద్ధం ఎప్పుడు ముగుస్తుందో తేదీ చెప్పేవాళ్ళని మాత్రం నమ్మకండి, వాళ్ళ పేరు ముందు డాక్టర్ అని ఉన్నా సరే.

అపోహ: మనవాళ్ళున్న ఓడల్ని కొట్టరు

ఎర్ర సముద్రంలో ఓడల మీద హౌతీలు చేసిన దాడుల సంగతి ఇది, శ్రీకాకుళం, విశాఖ వైపు ఇళ్ళకి. మర్చంట్ నేవీలో పిల్లలున్న తల్లిదండ్రులు ఎవరో నా నంబరు ఇస్తే ఫోన్ చేస్తుంటారు. ఒక తల్లి అయితే వాట్సాప్‌లో వచ్చిన ఆడియో నాకు వినిపించి, "ఇండియా వాళ్ళని వదిలేస్తారంట కదమ్మా?" అని అడిగింది. ఆ ప్రశ్న అడగడానికి ఆమె ఎంత టెన్షన్ పడి ఉంటుందో నాకు తెలుసు, కానీ అబద్ధంతో ధైర్యం చెప్పలేను. 2023 డిసెంబర్ 23న దక్షిణ ఎర్ర సముద్రంలో డ్రోన్ తగిలిన ఎం.వి. సాయిబాబా ట్యాంకర్‌లో 25 మంది భారతీయులున్నారు, అదృష్టం బాగుండి ఎవరికీ ఏమీ కాలేదు. 2024 జనవరి 26న ఏడెన్ సింధుశాఖలో మంటలంటుకున్న మార్లిన్ లువాండాలో 22 మంది మనవాళ్ళు. మంటలార్పడానికి వెళ్ళింది మన ఐఎన్‌ఎస్ విశాఖపట్నం. హౌతీలు చూసేది సిబ్బంది ఏ దేశం వాళ్ళన్నది కాదు, ఓడ యజమాని ఎవరు, ఆ కంపెనీ ఓడలేవైనా ఇజ్రాయెల్ రేవులకి వెళ్తున్నాయా అన్నది. అందులోనూ వాళ్ళ దగ్గరున్న యాజమాన్య వివరాలు పాతవై, ఎప్పుడో చేతులు మారిన ఓడలు దెబ్బ తిన్నాయి. నెలల తరబడి దాడులు ఆగాయనుకున్నాక 2025 జూలైలో ఒకే వారంలో మ్యాజిక్ సీస్, ఎటర్నిటీ సి మునిగిపోయాయి.

భయపడి ఉద్యోగం మానేయమని నేను చెప్పను, ఎన్నో ఇళ్ళు ఆ జీతం మీదే నిలబడ్డాయి. ఓడ ఎక్కే ముందు రెండు పనులు చేయండి. ఏజెంటుకి ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్స్ (ఓడలకి సిబ్బందిని చేర్చే అనుమతి) ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఓడల రవాణా విభాగం డీజీ షిప్పింగ్ సైట్‌లో చూసుకోండి, లేకపోతే ఎంత జీతమన్నా వద్దు. ఉద్యోగ ఒప్పందం ఐబీఎఫ్ (ఓడ యజమానులూ నావికుల సంఘాలూ కలిసి షరతులు తేల్చే అంతర్జాతీయ వేదిక) కిందికి వస్తుందో లేదో కాగితం మీద అడగండి. వస్తే, యుద్ధ ప్రాంతంగా ప్రకటించిన చోటికి వెళ్ళనని చెప్పే హక్కు ఉంటుంది, కంపెనీ ఖర్చుతో ఇంటికి పంపాలి, వెళ్ళినవాళ్ళకి అక్కడున్న రోజులకి బేసిక్ రెట్టింపు ఇవ్వాలి. ఈ సంగతి చాలామంది కుర్రాళ్ళకి తెలియదు, చెప్పే ఏజెంట్లూ తక్కువ. ఇంట్లోవాళ్ళు ఓడ పేరుతో పాటు ఏడంకెల ఐఎంఓ నంబరు రాసిపెట్టుకోండి. పేరు, జెండా మారతాయి గానీ ఆ నంబరు మారదు. ఏదో ఓడ మీద దాడి జరిగిందని ఫార్వర్డ్ వస్తే ముందు ఆ నంబరుతో సరిపోల్చండి, సరిపోతే కంపెనీకీ, డీజీ షిప్పింగ్‌కీ ఫోన్ చేయండి, సరిపోకపోతే ఆ మెసేజ్ ఇంకెవరికీ పంపకండి.