మాత్ర ముందు వచ్చింది, కారణం తర్వాత వెతికారు

డిప్రెషన్ మందులు వాడేవాళ్ళు వాటిని ఈ రోజే పారేయాలని చెప్పే ఆడియో ఒకటి తిరుపతి వాట్సాప్ గ్రూపుల్లో మళ్ళీ తిరుగుతోంది. మెదడులో సెరొటోనిన్ అనే రసాయనం తగ్గడం వల్లే డిప్రెషన్ వస్తుందన్న మాట తప్పని శాస్త్రవేత్తలే తేల్చారట, కాబట్టి ఈ మాత్రలన్నీ ఉత్త వ్యాపారమట. మొదటి మాటలో కొంత నిజం ఉంది. దాన్ని పట్టుకుని రెండో మాటకు దూకడమే ప్రమాదం. ఎందుకో తెలియాలంటే 1956 దాకా వెళ్ళాలి.

తాయెత్తులు, అంత్రాలు, గాలి సోకిందనడం, మనాది పట్టుకుందని వదిలేయడం మనకు తెలిసినవే. చిత్తూరు వైపు వాళ్ళకు రాయవేలూరు (వెల్లూరు) దగ్గర. అక్కడి బాగాయంలో సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) వాళ్ళు 1957లో మానసిక వైద్య కేంద్రం పెట్టి, ఇంటివాళ్ళను రోగి పక్కనే ఉంచి వైద్యం చేయడం మొదలుపెట్టారు. మన వాళ్ళకు పిచ్చాసుపత్రి అంటే ఉన్న భయం కొంతైనా తగ్గడానికి అలాంటి పద్ధతులే కారణమని నా నమ్మకం. అయితే ఇప్పటి గొడవ ఆసుపత్రి గురించి కాదు, మాత్ర గురించి.

స్విట్జర్లాండ్‌లోని మ్యూన్‌స్టర్‌లింగెన్ మానసిక ఆసుపత్రిలో రోలాండ్ కూన్ అనే వైద్యుడు ఉండేవారు. గైగీ అనే మందుల కంపెనీ పంపిన ఒక కొత్త పదార్థాన్ని ఆయన స్కిజోఫ్రెనియా అనే తీవ్రమైన మానసిక జబ్బు ఉన్న రోగులకు ఇచ్చి చూశారు. మేలు జరగలేదు, కొందరికి అలజడి పెరిగింది. 1956 జనవరిలో అదే మందును తీవ్రమైన డిప్రెషన్‌లో ఉన్న ఒక మహిళకు ఇచ్చారు. కొద్ది రోజుల్లోనే ఆమెలో మార్పు కనిపించింది. తర్వాత మరికొందరిలోనూ అలాగే జరిగింది. 1957లో జూరిచ్‌లో జరిగిన మానసిక వైద్యుల మహాసభలో ఆయన ఈ సంగతి చెప్పినప్పుడు వినడానికి వచ్చినవాళ్ళు పన్నెండు మంది దాకా ఉంటారు. ఆ మందే ఇమిప్రమిన్. ఆ ఆసుపత్రిలో రోగులకు సరిగా చెప్పకుండా, వాళ్ళ అనుమతి లేకుండా మందులు పరీక్షించారని చరిత్రకారులు తర్వాత బయటపెట్టారు. అది దాచాల్సిన విషయం కాదు.

గమనించాల్సింది ఏమిటంటే, మందు పనిచేస్తోందని ముందు కంటికి కనబడింది. ఎందుకు పనిచేస్తోందన్న ప్రశ్న తర్వాత వచ్చింది. నరాల మధ్య నోరాడ్రినలిన్ అనే రసాయనం తగ్గడం కారణమని 1965లో ఒక సిద్ధాంతం వచ్చింది, 1967లో సెరొటోనిన్ పేరు ముందుకొచ్చింది. 1987లో అమెరికాలో సెరొటోనిన్ మీద పనిచేసే ఫ్లుయోక్సెటిన్ అనే మందుకు అనుమతి దొరికాక, మెదడులో రసాయనం తగ్గింది, మాత్రతో నింపుతాం అన్న మాట జనంలోకి పోయింది. చెప్పడానికి తేలిక, అమ్మడానికి ఇంకా తేలిక. మాత్ర వేసుకున్న కొన్ని గంటలకే ఈ రసాయనాల మీద దాని ప్రభావం మొదలవుతుంది, మనసు తేలికపడటానికి మాత్రం వారాలు పడుతుంది. ఉత్త లోటే కారణమైతే ఇంత ఆలస్యం ఎందుకు? పరిశోధకులు ఈ ప్రశ్న ఎప్పటినుంచో అడుగుతూనే ఉన్నారు.

2022 జూలైలో లండన్ పరిశోధకులు పాత అధ్యయనాలన్నీ కలిపి చూసి, సెరొటోనిన్ లోటుకు గట్టి ఆధారం లేదన్నారు. ఆడియోకు మూలం ఇదే. వాళ్ళు పరిశీలించింది కారణాన్ని. మందు పనిచేస్తుందా లేదా అన్నది వేరే లెక్క. ఆ లెక్క 2018లోనే లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది: 21 రకాల మందులు, 522 పరీక్షలు, లక్షా 16 వేలకు పైగా మనుషులు. మందు లేని ఉత్తుత్తి మాత్ర కంటే అన్నీ మెరుగ్గానే పనిచేశాయి. ఆ మెరుగు భారీది కాదు, అలాగని లేకుండానూ పోలేదు. ఎలా పనిచేస్తుందో తెలియకపోయినా మందు పనిచేయొచ్చు. ఆస్పిరిన్ ఎలా పనిచేస్తుందో 1971లో గానీ తెలియలేదు. అప్పటికి 70 ఏళ్ళుగా జనం తలనొప్పికి దాన్నే వేసుకుంటున్నారు.

పుంగనూరు దగ్గర మా చిన్నాయన ఒకాయన ఉన్నారు. పాల కేంద్రానికి పాలు పోయకుండా ఒక్క రోజు ఉండని మనిషి. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి, మంచం దిగలేక, కప్పు వైపు చూస్తూ పడుకునేవారు. డాక్టరు మాత్రలు రాస్తే పది రోజులు వేసుకుని మానేశారు. "ఏం తేడా లేదురా, నోరు మాత్రం ఎండిపోతా ఉంది" అన్నారు. మంచి మొదలయ్యే ముందే చెడు కనిపిస్తుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. రెండోసారి ఆరు వారాలు ఓపిక పట్టారు, పిన్నమ్మ పట్టుబట్టడం వల్ల. తర్వాత మళ్ళీ పాల క్యాన్ ఎత్తారు.

మందులను తప్పుపట్టేవాళ్ళ మాటల్లో వినాల్సినవీ ఉన్నాయి. ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, నిద్ర చెడటం, చికాకు వస్తాయి. కొందరికి అవి చాలా కాలం ఉంటాయి. 25 ఏళ్ళలోపు వాళ్ళను మొదటి వారాల్లో దగ్గరగా కనిపెట్టుకోవాలి, చావు ఆలోచనలు పెరిగే అవకాశం ఉంది. తేలికపాటి డిప్రెషన్‌కు చాలాసార్లు కౌన్సెలింగ్ సరిపోతుంది. అయితే అలవాటుగా మారిపోయే నిద్రమాత్రలనూ వీటినీ ఒకటే అనుకోవడం పొరపాటు. బాగైన తర్వాత కూడా సాధారణంగా ఆరు నెలలైనా కొనసాగించి, మెల్లగా తగ్గిస్తూ ఆపుతారు.

2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో ప్రతి 20 మందిలో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు డిప్రెషన్ పాలవుతున్నారు. వాళ్ళలో ఎక్కువ మందికి అసలు వైద్యమే అందడం లేదు. అందినవాళ్ళ చేతిలోంచి మాత్ర లాగేసే ఆడియో అందుకే నాకు కోపం తెప్పిస్తోంది. మాట్లాడాలనుకునేవాళ్ళకు టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు 14416 ఉంది. ఉచితం, ఏ వేళైనా తెలుగులో మాట్లాడొచ్చు. తిరుపతిలో రుయా ఆసుపత్రికి వెళ్ళొచ్చు.

మందు మానాలనుకునేవాళ్ళు ముందు వైద్యుల సలహా తీసుకోవాలని, మానితే ఇబ్బందులు రావచ్చని 2022లో ఆ లండన్ పరిశోధకులే హెచ్చరించారు. ఫోన్లలో తిరుగుతున్న ఆడియోలో ఆ హెచ్చరిక లేదు.